మొదటి గంటలో రాసిన కాగితం

(హైదరాబాద్‌లో ఒక కాలనీ సంక్షేమ సంఘం ఏర్పాటు చేసిన సభలో, కుటుంబ కేసులు వాదించే న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దలు దయచేసి లోపలికి రండి, ముందు వరుస ఖాళీగానే ఉంది. ఇలాంటి సభల్లో మగవాళ్లు ఎందుకో ద్వారం దాటి రారు. ఈ పూట మాట్లాడేది మీతో కూడా.

సంఘం వారు నాకు ఇచ్చిన అంశం "గృహహింస, పోలీసుల పాత్ర". సెక్షన్ల అంకెలు వరుసగా చదివి, చివర్లో హెల్ప్‌లైన్ నంబర్లు చెప్పి, శాలువా కప్పించుకుని వెళ్లిపోవడం చాలా తేలిక. అది వద్దనుకున్నాను. నాంపల్లి కోర్టుల్లో ఇన్నేళ్లుగా ఈ కేసులు చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. దెబ్బలు తిన్న మనిషి స్టేషన్‌కు వెళ్లిన మొదటి గంటలో, లేదా పోలీసులు ఆమె ఇంటికి వచ్చిన మొదటి గంటలో, ఏం అడిగారు, ఏం రాశారు అన్నదాని మీదే ఆమె భద్రత ఆధారపడి ఉంటుంది. అరెస్టు, బెయిలు, విచారణ, తీర్పు అన్నీ ఆ కాగితం చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఒక్క లెక్క చెబుతాను. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన స్త్రీలలో భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురయ్యామని చెప్పినవారు తెలంగాణలో దాదాపు 37 శాతం. దేశం మొత్తం మీద అది 29 శాతం చిల్లర. హింసకు గురైనవారిలో ఎవరినైనా సాయం అడిగినవారు దేశంలో 14 శాతమే. ఆ 14 శాతంలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటికి. స్టేషన్ దాకా వచ్చేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. అంటే, స్టేషన్ మెట్లెక్కిన ఆడమనిషి అప్పటికే అన్ని తలుపులూ తట్టి వచ్చిందని అర్థం. అమ్మ సర్దుకుపొమ్మంది, అన్న వచ్చి మాట్లాడి వెళ్లాడు, కులపెద్దలు కూర్చున్నారు, ఆఖరికి ఇక్కడికి వచ్చింది. ఆమెను అక్కడ కూడా "ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ లేరా అమ్మా?" అని అడిగితే ఆమె ఏం చెప్పాలి?

ఇప్పుడు ఆ మొదటి గంటను కాస్త దగ్గర నుంచి చూద్దాం. రాత్రి పదకొండు దాటింది. ఆమె డయల్ 100కో 112కో ఫోన్ చేసింది. గస్తీ వాహనమో, మన నగరంలో బ్లూ కోల్ట్స్ అంటారే ఆ మోటారు సైకిలో వచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్లు. తలుపు తీసేది ఎవరు? ఆయనే. చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, "ఏం లేదు సార్, చిన్న గొడవ, మీరు రావలసినంత ఏమీ లేదు" అంటాడు. ఆమె వెనకాల వంటగది గుమ్మంలో నిలబడి ఉంటుంది. "ఏమ్మా, ఏం జరిగింది?" అని అక్కడే, అతని ముందే, అత్తగారు వింటుండగానే అడుగుతారు. ఆమె ఏమీ లేదంటుంది. వాళ్లు వెళ్లిపోతారు. "ఇరువర్గాలకూ నచ్చచెప్పడమైనది" అని ఆ రాత్రి నమోదవుతుంది. ఆ తలుపు మూసుకున్నాక ఏం జరుగుతుందో మీలో కొందరికి నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ చేయవలసింది పెద్ద విద్యేమీ కాదు. ఇద్దరినీ వేరు చేయాలి. ఒక కానిస్టేబులు అతన్ని బయటికి తీసుకెళ్లి మాట్లాడుతుంటే, ఇంకొకరు ఆమెను అతనికి కనిపించని, వినిపించని చోట కూర్చోబెట్టి అడగాలి. పిల్లలు ఏ గదిలో ఉన్నారో చూడాలి. విరిగిన గాజు, పగిలిన ఫోను, గోడకు తగిలిన దెబ్బ, ఆమె మెడ, ముంజేతులు, అన్నీ చూసి రాయాలి. ఆమె కేసు పెడతానన్నా, పెట్టనన్నా ఇది రాయవచ్చు. జనరల్ డైరీలో, అంటే స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే పుస్తకంలో, ఎంట్రీ వేయడానికి ఆమె అంగీకారం అక్కర్లేదు. ఏడాది తరవాత కోర్టులో "ఇంతకు ముందు ఎప్పుడూ ఏమీ జరగలేదు" అని వాళ్ల వకీలు లేచి నిలబడినప్పుడు మాకు పనికొచ్చేది ఆ నాలుగు లైన్లే.

మెడ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గొంతు నులిమితే చాలాసార్లు పైకి గుర్తే కనబడదు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, కళ్లలో ఎర్రటి చుక్కలు, కాసేపు స్పృహ తప్పడం, బట్టల్లో మూత్రం పడడం, ఇవి అడిగితేనే బయటికి వస్తాయి. 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, భర్తో ప్రియుడో గొంతు నులిమిన చరిత్ర ఉన్న స్త్రీ ఆ తరవాత అతని చేతిలో హత్యకు గురయ్యే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. మన ఫిర్యాదుల్లో అది "మెడ పట్టుకుని నెట్టాడు" అని మారిపోతుంది. నెట్టడానికీ నులమడానికీ మధ్య ఉన్న తేడా హత్యాయత్నం సెక్షన్ వరకూ వెళుతుంది. ఆ రాత్రే ఉస్మానియా ఆస్పత్రికో గాంధీ ఆస్పత్రికో తీసుకెళ్లి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకూ తెలియవలసిన గాయంగా, డాక్టరు చేత రాయించాలి. మర్నాటికి మచ్చ మానుతుంది, మనసు మారుతుంది, మామగారు వస్తారు.

అమెరికాలోనే మేరీలాండ్ రాష్ట్రంలో 2005 నుంచి పోలీసులు ఒక పద్ధతి పాటిస్తున్నారు. ఇంటికి వెళ్లిన అధికారి దగ్గర పదకొండు ప్రశ్నలు ఉంటాయి. చంపుతానని ఎప్పుడైనా బెదిరించాడా, ఆయుధం చూపించాడా, గొంతు నులిమాడా, అనుమానంతో వేధిస్తాడా, ఇటీవల నువ్వు విడిపోయి వచ్చావా, అతను నిన్ను చంపగలడని నీకు అనిపిస్తోందా, ఇలాంటివి. జవాబులు ప్రమాదం వైపు చూపిస్తే అధికారి అక్కడి నుంచే ఆశ్రయ కేంద్రానికి ఫోన్ కలిపి ఆమెతో మాట్లాడిస్తాడు. మన దగ్గర తుపాకీ ప్రశ్న తీసేసి పెట్రోలు సీసా ప్రశ్న పెట్టుకోవాలి, కిరోసిన్ రోజులు పోయినా సరే. మిగతావి యథాతథంగా సరిపోతాయి. జేబులో పట్టే ఒక అట్టముక్క మీద అచ్చు వేయించి ప్రతి గస్తీ వాహనంలో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

సరే, ఇప్పుడు స్టేషన్‌కు వెళదాం. అక్కడ రాసే కాగితాల్లో నాకు బాగా పరిచయమైనది తెల్లకాగితం మీద రాజీ పత్రం. వందల్లో చూశాను, మాటలు కూడా మారవు. "మేము భార్యాభర్తలం. మా మధ్య చిన్న చిన్న మనస్పర్థలు వచ్చిన మాట వాస్తవం. పెద్దల సమక్షంలో మాట్లాడుకుని రాజీ పడ్డాము. ఇకమీదట కలిసిమెలిసి ఉంటాము. నా భర్తపై ఎటువంటి చర్య అవసరం లేదు." కింద రెండు సంతకాలు, నలుగురు సాక్షులు. ఏ తేదీన కొట్టాడు, దేనితో కొట్టాడు, ఎక్కడ తగిలింది అన్న ముక్క అందులో ఒక్కటీ ఉండదు. మళ్లీ కొడితే ఏమవుతుందో ఉండదు. పైగా రేపు కేసు వేస్తే ఈ కాగితమే అవతలివాళ్లు తెచ్చి జడ్జిగారి ముందు పెడతారు, "చిన్న మనస్పర్థలు అని ఈవిడే సంతకం చేసింది చూడండి" అని. చట్టపరంగా ఆమెకు ఏ రక్షణా ఇవ్వని కాగితం, అతనికి మాత్రం బాగా పనికొస్తుంది.

రాజీ మీద నాకు కోపం లేదు. చాలా కాపురాలు మాటలతో నిలబడతాయి, నిలబడనివ్వండి. కానీ రాజీ ఎవరు, ఎప్పుడు, ఏ నియమాలతో చేయించాలో గృహహింస చట్టమే చెప్పింది. చట్టం 2005 నాటిది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కౌన్సెలింగ్‌కు పంపేది మేజిస్ట్రేటు. ఆ కౌన్సెలింగ్‌లో కొట్టినవాడు "అది నోరు పారేసుకుంది కాబట్టి కొట్టాను" అని సమర్థించుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి మొదలుపెట్టకముందే అతనికి చెప్పాలని 2006 నాటి నియమాల్లో స్పష్టంగా ఉంది. మన స్టేషన్లలో బల్ల చుట్టూ జరిగే కౌన్సెలింగ్‌లో సగం సమయం గడిచేదే ఆ సమర్థనలతో. ఆమె వంట, ఆమె ఫోను, ఆమె పుట్టింటివాళ్లు, అన్నీ విచారణకు వస్తాయి. అతని చెయ్యి ఒక్కటే రాదు.

పోలీసు సోదరులు కొందరు ఇక్కడ ఉన్నారు, వాళ్ల వైపు మాట కూడా చెప్పాలి. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు, కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, సమాచారం అందితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలంటూనే, భార్యాభర్తల వివాదాల్లో ప్రాథమిక విచారణకు అవకాశం ఇచ్చింది. మరుసటి ఏడాది అర్నేష్ కుమార్ కేసులో, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయవద్దంది. భార్యను భర్త, అత్తింటివాళ్లు హింసించడం మీద ఉన్న పాత 498-ఎ, అంటే 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు, మూడేళ్ల శిక్ష ఉన్న నేరం. కాబట్టి పోలీసులు అతనికి నోటీసు ఇస్తారు, సంతకం తీసుకుంటారు, పంపిస్తారు. తప్పు పట్టడానికి లేదు, చట్టం అదే. కానీ అతను నోటీసు జేబులో పెట్టుకుని ఎక్కడికి వెళతాడు? అదే ఇంటికి. తన మీద కేసు పెట్టిన మనిషి వంట చేస్తున్న ఇంటికి. కేసు పెట్టిన తరవాతి రోజులు, విడిపోతానని చెప్పిన తరవాతి రోజులు ఆమెకు అన్నిటికన్నా ప్రమాదకరమైనవని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన వ్యవస్థ నోటీసు ఇచ్చి చేతులు దులుపుకుంటుంది.

దీనికి దారి చట్టంలోనే ఉంది. అతను మళ్లీ నేరం చేస్తాడనో, సాక్షులను బెదిరిస్తాడనో నమ్మడానికి కారణం ఉంటే, ఆ కారణాన్ని రాసి అరెస్టు చేయవచ్చు. అర్నేష్ కుమార్ తీర్పు దీన్ని ఆపలేదు, కారణం రాయమంది. మరి ఆ కారణం ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి గంటలో అడిగిన ప్రశ్నల నుంచే. "వేధించాడు, కొట్టాడు" అని రెండు మాటలు రాస్తే నోటీసే గతి. "గత నెలలో రెండుసార్లు గొంతు నులిమాడు, నిన్న పెట్రోలు తెచ్చి బాత్రూంలో పెట్టాడు, పాప చూసింది" అని రాస్తే వేరు.

ఇంకో వైపు నుంచి చూసినా ఇంతే. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, నిర్దిష్టమైన ఆరోపణ లేకుండా భర్త తరఫు బంధువులందరినీ ఇరికిస్తున్నారని గట్టిగా మందలించి కేసు కొట్టేసింది. ఆ తీర్పు వచ్చాక వాట్సాప్‌లో దాన్ని పంచుకుని సంబరపడినవారు ఉన్నారు. నేనైతే దాన్ని రాత పని మీద వచ్చిన ఆక్షేపణగా చదువుకున్నాను. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో విడివిడిగా రాస్తే, ఢిల్లీలో ఉన్న ఆడపడుచు పేరు నిందితుల జాబితాలోకి రాదు, కొట్టినవాడు ఆ గుంపులో కలిసి తప్పించుకోనూ లేడు. కొన్ని ఫిర్యాదులను మా వకీళ్లమే పాడుచేస్తున్నామని కూడా ఒప్పుకోవాలి. పదిమంది పేర్లు ఉంటే బేరానికి బలం వస్తుందని సలహా ఇచ్చేవాళ్లు మా వకీళ్లలో తక్కువేమీ లేరు.

అరెస్టు కంటే నేను ఎక్కువ నమ్మేది రక్షణ ఉత్తర్వును. గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెడితే సాధారణంగా మూడు రోజుల్లో మొదటి విచారణ జరగాలి. అత్యవసరమైతే అవతలి పక్షాన్ని వినకుండానే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆమెను కొట్టకూడదు, ఆమె పనిచేసే చోటికి వెళ్లకూడదు, ఫోన్ చేయకూడదు, అవసరమైతే ఆ ఇంట్లోంచి అతనే బయటికి వెళ్లాలి అని కూడా చెప్పవచ్చు. ఇల్లు మామగారి పేరున ఉన్నా అది ఉమ్మడిగా కాపురం చేసిన ఇల్లయితే ఆమెకు అందులో ఉండే హక్కు ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తర్వు అమలుకు సాయం చేయమని దగ్గరి స్టేషన్ అధికారిని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, లేదా 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరం, అంటే బెయిలు హక్కుగా రాదు. తెల్లకాగితం మీద రాజీకీ దీనికీ ఉన్న తేడా ఇప్పుడు చూడండి. అక్కడ మాట తప్పితే మళ్లీ మొదటి నుంచి పంచాయితీ. ఇక్కడ ఉత్తర్వు కాపీ చూపిస్తే పోలీసులు వెంటనే కేసు కట్టవచ్చు.

మరి ఇది ఎందుకు ఎక్కువమందికి అందడం లేదు? ఆ చట్టం అయిదో సెక్షన్ ప్రకారం, మీకు ఇలాంటి ఉత్తర్వు కోరే హక్కు ఉంది, రక్షణాధికారి ఉన్నారు, సేవా సంస్థలు ఉన్నాయి, ఉచిత న్యాయ సహాయం ఉంది, క్రిమినల్ కేసు పెట్టుకునే హక్కూ ఉంది అని చెప్పవలసింది ఫిర్యాదు విన్న పోలీసు అధికారే. చెబితే మెహర్బానీ ఏమీ కాదు, అది ఆయన విధి. ఆ మాట వినకుండానే వెనుదిరిగిన ఆడవాళ్లు నా దగ్గరికి ఎందరో వచ్చారు. రక్షణాధికారి అంటే మన రాష్ట్రంలో మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారి. గృహహింస సంఘటన నివేదిక రాసేది ఆయన లేదా ఆమె. 2006 నియమాల్లో అయిదో ఫారం పేరే భద్రతా ప్రణాళిక. ఎలాంటి హింస జరిగింది, దాని వల్ల దేనికి భయపడుతున్నారు, ఏం చేస్తే భద్రం అని గళ్లు గీసి ఉన్న ఫారం అది. పూర్తిగా నింపి ఉన్న అయిదో ఫారం నా కేసుల్లో చాలా అరుదుగా కనిపించింది.

నగరంలో ఉన్న ఏర్పాట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. షీ టీమ్స్ 2014 అక్టోబరులో మొదలయ్యాయి. అవి ప్రధానంగా వీధుల్లో, బస్సుల్లో, కాలేజీల దగ్గర, ఫోన్లలో వేధింపుల కోసం. ఇంటిలోపలి హింసకు చాలామంది వాళ్లకే ఫోన్ చేస్తుంటారు, వాళ్లు సంబంధిత స్టేషన్‌కు పంపిస్తారు. 2016లో మొదలైన భరోసా కేంద్రంలో పోలీసు, వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద ఉంటాయి. హింసకు గురైన స్త్రీల కోసం సఖి కేంద్రాలు ఉన్నాయి, అక్కడ కొద్ది రోజులు తలదాచుకోవచ్చు. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. బేగంపేట, సరూర్‌నగర్, గచ్చిబౌలి వంటి చోట్ల మహిళా పోలీసు స్టేషన్లు ఉన్నాయి. కానీ అక్కడికే వెళ్లాలని నియమం లేదు. "ఇది మా పరిధి కాదు" అనే మాట 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టంలో చెల్లదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకుని నమోదు చేయాలి. అత్తవారిది వరంగల్ అయినా, పుట్టింటికి ఉప్పల్ వచ్చి తలదాచుకున్న అమ్మాయి ఇక్కడే కేసు పెట్టుకోవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

మన ఊరికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది, భాష. పాతబస్తీలో ఆమె ఉర్దూలో చెబుతుంది, రైటర్, అంటే స్టేషన్‌లో రాత పని చూసే కానిస్టేబులు, తెలుగులో రాస్తాడు, కింద ఆమె ఉర్దూలో సంతకం చేస్తుంది. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చినవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. నోటితో చెప్పినదాన్ని రాశాక ఆమెకు చదివి వినిపించాలని చట్టం. అర్థమయ్యే భాషలో వినిపించకపోతే వినిపించినట్టు కాదు కదా. సంతకం చేసే ముందు "ఒక్కసారి చదివి వినిపించండి సార్" అని అడగండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అదీ అడిగి తీసుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో రాసి పంపవచ్చు, రశీదు దాచుకోవాలి.

ఇంట్లో ఉన్నవాళ్లకు చెప్పవలసినవి నాలుగు ముక్కలు. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం, ఇవన్నీ ఒకే చోట, వీలైతే ఇంటి బయట నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచండి. మీ బంగారం మీ స్త్రీధనం, దాన్ని ఇప్పించమని కూడా మేజిస్ట్రేటును అడగవచ్చు. మీ ఫోన్‌లో లొకేషన్ అతనికి కనబడుతోందేమో, గూగుల్ ఖాతా అతని పేరున ఉందేమో చూసుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఎక్కడ దాక్కున్నా భర్త అక్కడికి వచ్చేవాడు. ఆమె చేతిలో ఉన్నది అతను కొనిచ్చిన ఫోనే. సామాన్లు తెచ్చుకోవడానికి ఒంటరిగా వెళ్లకండి, పోలీసు తోడు అడగండి. పిల్లల బడిలో చెప్పి ఉంచండి, ఎవరు వస్తే పంపాలో, ఎవరు వస్తే పంపకూడదో.

ఇది భార్యలకు మాత్రమే అనుకోకండి. అక్కచెల్లెళ్లకు, తల్లులకు, వితంతు కోడళ్లకు, పెళ్లి కాకుండా కలిసి ఉన్నవారికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. కొడుకు కొట్టే తల్లులు మన అపార్ట్‌మెంట్లలో తక్కువేమీ లేరు. వాళ్లు నోరు విప్పరు, కొడుకు పరువు తమ పరువే కనుక.

ఒక చీటీ వచ్చింది. "పక్క ఫ్లాట్‌లో రోజూ అరుపులు వినబడతాయి. మేం కలగజేసుకోవచ్చా? మా మీద కేసు పెడతారా?" మంచి ప్రశ్న. పాత 498-ఎ, అంటే ఇప్పటి 85వ సెక్షన్ కింద కేసును, సాధారణంగా ఆమె గానీ, ఆమె రక్త సంబంధీకులు, బంధువులు గానీ ఫిర్యాదు ఇస్తేనే పోలీసులు నేరుగా తీసుకుంటారు. కాబట్టి పొరుగువారి ఫిర్యాదుతో ఆ సెక్షన్ కింద కేసు రాకపోవచ్చు. కానీ దెబ్బలు పడుతున్నప్పుడు 112కు ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గృహహింస చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో ఇచ్చినవారి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా పడదని అక్కడే రాసి ఉంది. అత్యవసరమని ఫోన్‌లో తెలిస్తే రక్షణాధికారి పోలీసులను వెంటబెట్టుకుని అక్కడికే రావాలని నియమం. ఫోన్ చేసేటప్పుడు ఫ్లాట్ నంబరు, అంతస్తు, పిల్లలు ఉన్నారా, ఏం వినబడింది, ఇవి చెప్పండి. వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచండి, పోలీసులు వస్తే గేటు దగ్గర ఆపి "సెక్రటరీ గారిని అడగాలి" అనకుండా. మీ ఫోన్‌లో తేదీ, సమయం ఒక చోట రాసుకోండి, రేపు మిమ్మల్ని సాక్షిగా పిలిస్తే అది పనికొస్తుంది. పిలిస్తే రండి.

వకీలు ఫీజు గురించి వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా మీ కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. నేను ఇంకో అరగంట ఇక్కడే ఉంటాను. విడిగా మాట్లాడాలనుకునేవారు పక్క గదిలోకి రండి. ఎవరు వచ్చారో ఎవరూ రాసుకోరు.